బలసాధన: దేహభారము పెరుగకుండ

బలసాధన యనగా కండరములు ఒక్క ప్రయత్నమున వెలువరింపగల గరిష్ఠశక్తిని క్రమాభ్యాసముచేత పెంపొందించుకొనుట. ఇందుకు రెండు మార్గములు గలవు. కండరముల పరిమాణమును పెంచి ఆ పెరుగుదల ద్వారా బలము నార్జించుట యొకటి. ఉన్న కండరములనే నాడీమండలము మునుపటికంటె నిండుగను నేర్పుగను వినియోగించునట్లు చేయుట మరియొకటి. మొదటిదానికి తిండియు తీరికయు ధనమును విరివిగ కావలసియుండగా, రెండవదానికి వారమునకు రెండు పూటలు, పూటకు అరగంట, ఎత్తుటకు తగినంత బరువైన వస్తువొకటి ఉన్న చాలును. దేహభారమునుబట్టి తరగతులేర్పడిన బరువులెత్తు పోటీలవారికిని, 85 కిలోల పరిమితికి లోబడి ఆడవలసిన కబడ్డీ ఆటగాండ్రకును, మోకాళ్ళ నొప్పిచేత గాని మధుమేహముచేత గాని బరువు పెరుగరాదని వైద్యులు హెచ్చరించినవారికిని ఈ రెండవ మార్గమే శరణ్యము. దినమంతయు చేనిలో గడపి చీకటిపడువేళకు ఇల్లు చేరు రైతులకును కూలీలకును గూడ ఇదియే అనువైనదని చెప్పవచ్చును; కాని బలసాధనను గూర్చి వ్రాసినవారు వీరిని తలచుట అరుదు.

గుంటూరునకు దక్షిణమున, పర్చూరు పోవు దారిలో నున్న ప్రత్తిపాడు పరిసరములు ఈ విషయమును పరిశీలించుటకు మిక్కిలి అనుకూలమైనవి. నల్లరేగడి నేల, వానకు వేయు పత్తి, దాని వెంట మిరప. పత్తితీత అక్టోబరు నవంబరులలో ఆరంభమై సంక్రాంతి దాటువరకు సాగును, అది ముగియకముందే మిరపకోతలు అందుకొని ఏప్రిలు వరకు కల్లములు ఎఱ్ఱగ మండుచుండును. ఎండిన కాయ గోనెలకెక్కి టిక్కీలై గుంటూరు మిర్చి యార్డునకును, అచటినుండి శీతల గిడ్డంగులకును తరలును. టిక్కీ యొక్కటి నలుబది కిలోలకు పైబడి తూగును. దీనిని దినమునకు వందల సంఖ్యలో లారీల కెక్కించి దింపు ముఠా కూలీలలో దేహభారము అరువది కిలోలు దాటనివారు పలువురు గలరు. కండలు తిరిగిన దేహమే బలవంతుని దేహమనుకొను పట్టణవాసి వీరిని చూచి, ఇంత సన్నని మనుష్యులు అంత బరువు నెట్లు మోయుదురని ఆశ్చర్యపడును.

వారు మోయు విధమును దగ్గరనుండి గమనించినచో ఆ ఆశ్చర్యము కొంత తీరును. మోయువాడు టిక్కీని తానై నేలనుండి ఎత్తడు. ఇద్దరు చెరియొక కొసను కొక్కెముతో పట్టి లేపగా, మూడవవాడు మోకాళ్ళు కొద్దిగ వంచి, వెనుకకు తిరిగి, మెడకును భుజములకును నడుమ దాని నందుకొనును; అందుకొను క్షణమున ఊపిరి బిగబట్టి, పొట్టను గట్టిపరచి, పాదములను ఎడముగ నాటుకొనును; బరువు పూర్తిగ తనమీదికి వచ్చినదని వీపునకు తెలిసిన తరువాతనే ఊపిరి వదలి, చిన్న చిన్న అడుగులతో పలకమీదుగా లారీలోనికి నడచును. కొత్తగ ముఠాలో చేరినవాడు ఈ పనినే చేతులతోను నడుముతోను చేయబోయి రెండు గంటలలో కూలబడును. మేస్త్రి వానికి బోధించునది భారము వెన్నుపూసల మీదుగా తిన్నగ కాళ్ళలోనికి దిగునట్లు నిలుచుట. కొత్తవానికిని పాతవానికిని కండరముల పరిమాణమున పెద్ద భేదము లేకపోవచ్చును. భేదమంతయు నాడులలో నున్నది.

ఈ నాడీసంబంధమును గూర్చిన శాస్త్రజ్ఞానము ఇంచుమించు నూటముప్పది సంవత్సరముల నాటిది. 1894లో అమెరికా దేశపు యేల్ విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ స్క్రిప్చర్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు ఒక చేతికి మాత్రమే అభ్యాసము చేయింపగా రెండవ చేతి బలము గూడ కొంత పెరుగుట కనుగొనెను. అభ్యాసమెరుగని చేతి కండరములు ఉబ్బుటకు కారణమేమియు లేదు గనుక, పెరిగిన బలము ఆ చేతిని నడపు నాడులనుండి రావలసినదే. కండరము అసంఖ్యాక తంతువుల సముదాయము. ఆ తంతువులు గుంపులుగ విభక్తమై, ఒక్కొక గుంపు వెన్నుపాములోని ఒక్కొక చాలక నాడీకణమునకు వశమై యుండును. నాడీకణమును దాని అధీనములోని తంతువులను కలిపి ఒక చాలక ఏకాంశ మందురు. 1957లోను తరువాతను ఎల్‌వుడ్ హెన్నెమన్ ప్రకటించిన పరిశోధనలు ఈ ఏకాంశములు పనిలోనికి దిగు క్రమమును స్పష్టపరచినవి. తేలికపాటి పనికి చిన్న ఏకాంశములు మాత్రమే మేల్కొనును. భారము హెచ్చుకొలది వానికంటె పెద్దవి, వానికంటెను పెద్దవి వరుసగ తోడ్పడును. మిక్కిలి పెద్దవియు మిక్కిలి బలవత్తరములును అగు ఏకాంశములు, శక్తికి మించినదా యనిపించు ప్రయత్నమున గాని, అలసట పరాకాష్ఠ నందినపుడు గాని కదలవు. అభ్యాసము లేనివాడు తన గరిష్ఠశక్తి నంతటిని వెచ్చించుచున్నాననుకొనునపుడు గూడ వీనిలో కొన్నిటిని పూర్తిగ వినియోగింపజాలడు.

బరువైన భారములతో అభ్యసించినచో మూడు నాలుగు మార్పులు దాదాపు ఏకకాలమున జరుగును. నిద్రాణములైన పెద్ద ఏకాంశములు మేల్కొనుట నేర్చును. నాడీకణములు సెకనునకు పంపు సంకేతముల సంఖ్య హెచ్చును. ఒక కండరము లాగుచుండ దానికి ఎదురుకండరము అనవసరముగ బిగిసి అడ్డుపడుట తగ్గును. ఏ కీలు ఎప్పుడు విచ్చుకొనవలెనో, ఏ కండరము ముందు బిగియవలెనో అను క్రమము స్థిరపడును. 1979లో మొరిటాని, డివ్రీస్ అను ఇరువురు పరిశోధకులు ఎనిమిది వారముల అభ్యాసమును పరీక్షించి, తొలి వారములలో కనబడు బలవృద్ధిలో అధికభాగము నాడీసంబంధమైనదనియు, కండరముల పెరుగుదల పిమ్మట క్రమముగ ప్రాధాన్యము వహించుననియు నిరూపించిరి. ఈ సిద్ధాంతములో వివరములు కొన్ని అటుపిమ్మట సవరింపబడినను మూలము నిలిచియున్నది. కొత్తగ సాధన మొదలిడినవాడు దేహభారము కిలోయైనను పెరుగకుండ కొన్ని నెలలపాటు బలము నార్జింపగలడనుటకు ఆధారమిదియే.

తెలుగుదేశమున బలమును గూర్చిన సంప్రదాయభావము దీనికి భిన్నమైనది. మన వస్తాదులు స్థూలకాయులు. మనకు ఆదర్శము భీముడు. శ్రీకాకుళము ప్రాంతమున వీరఘట్టమునందు జన్మించి, సర్కసు నెలకొల్పి, కదలుచున్న మోటారు కార్లను ఆపి, కలియుగ భీముడని కీర్తి గాంచిన కోడి రామమూర్తి నాయుడు మహాకాయుడు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో హెవీవెయిట్ తరగతియందు కాంస్యపతకము గెలిచిన దండమూడి రాజగోపాలరావు కృష్ణా తీరపువాడు. విజయవాడలోని ఇండోర్ స్టేడియమునకు ఆయన పేరే పెట్టిరి. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో ఆయన భీముని పాత్ర ధరించుట ఆ దేహమునకు సహజముగ దక్కిన సత్కారము. ఊరూర నెలకొన్న తాలింఖానాలలోని దండీలు, బస్కీలు, ముద్గరములు దేహమును పెంచుటకే ఉద్దేశింపబడినవి. పాలు, నెయ్యి, బాదము పప్పు ఆ సాధనలో విడదీయరాని భాగములు. అవి సమకూడనివానికి బలసాధన తగదను అభిప్రాయము ఈ విధముగనే ప్రబలియుండును. ఇది సంపన్నుల వ్యాయామము; దీనిని దూషింపబనిలేదు, కాని దీనినే సర్వస్వమని యెంచుట పొరపాటు.

ఆ సంప్రదాయములోనే మరియొక పాయ ఉన్నది. సంక్రాంతికిని తిరునాళ్ళకును గుండు ఎత్తుట, బండి ఇరుసు ఎత్తుట, ఇసుక మూట ఎత్తుట మొదలగు పందెములు జరుగుట మనవైపు పల్లెలలో కలదు. ఇందు పాల్గొనువారు వ్యవసాయదారులు. వీరు ఏడాది పొడుగున నిత్యము గోదాలో దిగువారు కారు. పండుగకు నెల రెండు నెలల ముందు, పని ముగిసిన సాయంకాలములందు, ఊరి గుండును కొద్దిమార్లు ఎత్తి చూచుకొని పోవుదురు. అదే పండుగలలో ఒంగోలు ఎద్దుల బండలాగుడు పోటీలు జరుగును. ఎద్దును పందెమునకు సిద్ధపరచు రైతునకు బండను దినదినము లాగించి పశువును అలయింపరాదనియు, నిండు బరువు అప్పుడప్పుడు మాత్రమే కట్టవలెననియు తెలియును. ఎద్దుల విషయమున ఇంత యెరుక గల రైతు తన దేహము విషయమున దానిని మరచుట విచిత్రము.

బలమును దేహభారమునకు లోబరచి నిక్కముగ కొలుచు విద్య ఆధునికమైన బరువులెత్తు క్రీడ. ఇందు పూర్వపు గుంటూరు జిల్లాకు ఒక విశిష్టస్థానము కలదు. బాపట్లకును చీరాలకును నడుమ సముద్రతీరమునకు చేరువలో నున్న స్టూవర్టుపురము 1913లో సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవ సంస్థ యాజమాన్యమున ఎరుకలవారికై ఏర్పడిన సెటిల్‌మెంటు. నాటి మద్రాసు ప్రభుత్వమున కార్యనిర్వాహక సభ్యుడైన సర్ హెరాల్డ్ స్టూవర్టు పేర వెలసినది. ఇట్టి జాతులను పుట్టుకతోనే నేరస్థులుగ పరిగణించిన చట్టము 1952లో రద్దయినను, ఊరికి అంటుకొన్న అపకీర్తి తొలగుటకు చాలకాలము పట్టినది. ఆ ఊరివాడైన రాగాల వెంకట రాహుల్ 2014లో నాన్‌జింగ్ యువ ఒలింపిక్స్‌లో రజతమును, 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో 85 కిలోల తరగతియందు స్వర్ణమును గెలిచెను. గోల్డ్‌కోస్ట్‌లో అతడు స్నాచ్‌లో (ఒక్క ఊపున తలపైకెత్తుట) 151, క్లీన్ అండ్ జెర్క్‌లో (భుజములకెత్తి, పిదప తలపైకి నెట్టుట) 187, వెరసి 338 కిలోలెత్తెను. అనగా రెండవ విధమున తన తరగతి పరిమితికి 2.2 రెట్లు. ఉత్తరాంధ్రమున నెల్లిమర్ల సమీపమునందలి కొండవెలగాడ ఇట్టిదే మరియొక గ్రామము. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల తరగతియందు రజతము పొందిన మత్స సంతోషి ఆ ఊరి యువతి. మంగళగిరికి చెందిన షేక్ సాదియా అల్మస్ పవర్‌లిఫ్టింగ్‌లో 57 కిలోల తరగతియందు ఆసియా స్థాయి పోటీలలో పతకము లార్జించినది. ఇట్టి క్రీడాకారులకు కిలో బరువు పెరిగిన తరగతి మారును, ప్రత్యర్థులు మారుదురు. కావున ఏడాదుల తరబడి వారి సాధన యంతయు అదే దేహములో హెచ్చు బలమును నింపుటయే.

కరణం మల్లీశ్వరి చరిత్ర ఈ విషయమున విశేషముగ పరిశీలింపదగినది. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటకు చెందిన యామె 1994, 1995 సంవత్సరములలో 54 కిలోల తరగతియందు ప్రపంచవిజేత. 1995లో క్లీన్ అండ్ జెర్క్‌న 113 కిలోలెత్తినది. అయిదేండ్ల పిమ్మట, 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో, 69 కిలోల తరగతియందు 110, 130 వెరసి 240 కిలోలెత్తి కాంస్యము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ యయ్యెను. తరగతి పరిమితితో పోల్చిన 113 కిలోలు 2.09 రెట్లు, 130 కిలోలు 1.88 రెట్లు. ఆమె బలహీనురాలైనదా? కాదు. కండరబలము దాని అడ్డుకోత వైశాల్యమునుబట్టి, అనగా కొలత వర్గమునుబట్టి పెరుగును. దేహభారము ఘనపరిమాణమును, అనగా కొలత ఘనమునుబట్టి పెరుగును. కావున దేహము పెరిగినకొలది బలము పెరుగునే గాని అదే నిష్పత్తిలో పెరుగదు. ఈ రేఖాగణిత సత్యమును 1638లోనే గెలీలియో ఎముకలను ఉదాహరణగ గొని వివరించియుండెను. ఆ సూత్రము ప్రకారము లెక్కించినచో 54 కిలోలకు 113 ఎత్తినవారు 69 కిలోలకు సుమారు 133 ఎత్తవలెను. మల్లీశ్వరి ఎత్తినది 130. లెక్కకును మనిషికిని ఇంత సామీప్యము తరచుగ తటస్థింపదు.

ఈ సూత్రమువలననే చిన్న దేహములవారు తమ బరువుతో పోల్చిన ఆశ్చర్యకరమగు భారములను ఎత్తుచుందురు. 1988లో సియోల్ ఒలింపిక్స్‌లో తుర్కీ దేశీయుడగు నయీం సులేమానోగ్లు 60 కిలోల తరగతియందు 190 కిలోలు తలపైకెత్తెను. అది మూడు రెట్లకు మించినది. 170 కిలోలకు పైబడిన దేహము గల జార్జియా వీరుడు లాషా తలఖాద్జె 2021లో ఎత్తిన 267 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌న మనుష్యుడు ఎత్తిన గరిష్ఠ భారమైనను, అతని దేహమునకు సుమారు ఒకటిన్నర రెట్లు మాత్రమే. ఒకే దేహభారమున నిలిచి బలము పెంచుకొనుటకు మణిపురీ యువతి మీరాబాయి చాను చక్కని దృష్టాంతము. 2017లో 48 కిలోల తరగతియందు ప్రపంచవిజేతయైనపుడు క్లీన్ అండ్ జెర్క్‌న 109 కిలోలెత్తిన యామె, 2021 ఏప్రిలులో తాష్కెంటున 49 కిలోల తరగతియందు 119 కిలోలెత్తి ప్రపంచరికార్డు సృష్టించినది. తరగతి పరిమితి హెచ్చినది ఒక్క కిలో. ఎత్తిన బరువు హెచ్చినది పది.

ఇక సామాన్యుని సాధనకు వత్తము. క్రమముగ హెచ్చు భారములతో వ్యాయామము చేయించు పద్ధతిని 1945లో థామస్ డిలోర్మ్ అను అమెరికా సైనిక వైద్యుడు గాయపడిన సైనికుల చికిత్సకై శాస్త్రీయముగ రూపొందించెను. నేటి పద్ధతులన్నియు ఏదో యొక విధమున దాని సంతతియే. 1953లో జర్మనీలో హెటింగర్, ముల్లర్ అనువారు దినమునకు ఆరు సెకనులపాటు కదలని వస్తువును గట్టిగ తోసిన చాలునని ప్రకటింపగా లోకము కొంతకాలము మురిసెను. తరువాతి పరీక్షలలో ఆ ఫలితము అంత గొప్పగ నిలువలేదు. నిలిచిన విషయములు సరళములు. భారము ఒక్కమారు మాత్రమే ఎత్తగల గరిష్ఠములో నూటికి ఎనుబదినుండి తొంబదివరకు ఉండవలెను. ఒక దఫాకు మూడునుండి అయిదు మార్లు ఎత్తవలెను. ఇంకను రెండుమార్లు ఎత్తగల ఓపిక మిగిలియుండగనే దింపవలెను. దఫాకును దఫాకును మధ్య మూడునుండి అయిదు నిమిషముల విశ్రాంతి కావలెను. ఇట్టి దఫాలు మూడు, హెచ్చైన అయిదు. కండరములు పెరుగవలెనని కోరువాడు దఫాల సంఖ్యను హెచ్చించి, అలసట పూర్తియగువరకు ఎత్తును. బరువు పెరుగరాదని కోరువాడు దఫాలు తగ్గించి భారము హెచ్చించును. రెండు సాధనలకును గల ముఖ్యభేదము ఇంతే.

గరిష్ఠమును తెలిసికొనుటకు ప్రాణముమీదికి తెచ్చుకొని ఎత్తి చూడనక్కరలేదు. ఒక బరువును ఎన్నిమార్లు ఎత్తగలరో ఆ సంఖ్యను ముప్పదిచే భాగించి, వచ్చినదానికి ఒకటి కలిపి, ఆ బరువుతో హెచ్చవేసినచో ఉజ్జాయింపు తెలియును. 60 కిలోలను ఆరుమార్లు ఎత్తగలవాని గరిష్ఠము సుమారు 72 కిలోలు. అట్టివాడు 58 నుండి 65 కిలోల నడుమ సాధన చేయవలెను.

పరికరములకై వెదకబనిలేదు. యూరియా బస్తా 45 కిలోలు, డి.ఏ.పి. బస్తా 50 కిలోలు. రైతు ఇంట ఖాళీ బస్తాలకు కొదువ యుండదు. ఒక గట్టి బస్తాలో ఇసుక నింపి కాటా వేయించి, విడిగ రెండేసి కిలోల ఇసుక సంచులు కొన్ని కుట్టించి పెట్టుకొన్నచో, పక్షమునకొక సంచి చొప్పున బస్తాలో చేర్చుచు పోవచ్చును. ఇసుక బస్తాకు ఇనుపకమ్మికి లేని గుణమొకటి కలదు: అది చేతిలో జారును, మధ్య క్రుంగును, పట్టు దొరకనీయదు; కావున నడుము చుట్టును, ముంజేతులందును గల కండరములన్నియు దానిని అదుపులో ఉంచుటకు శ్రమింపవలెను. వారములో రెండు సాయంకాలములు, నడుమ కనీసము రెండు దినముల ఎడమిచ్చి, మూడు పనులు చేసిన చాలును. బస్తాను నేలనుండి రొమ్మువరకు ఎత్తుట మొదటిది. అంతకంటె చిన్న బస్తాను భుజములనుండి తలపైకి నెట్టుట రెండవది. వేపకొమ్మనో దూలమునో పట్టి దేహమును గడ్డమువరకు పైకి లాగికొనుట మూడవది. ఎత్తిన పిమ్మట విశ్రమించు మూడు నిమిషములలోనే కొమ్మను పట్టి లాగినచో, నడుమును కాళ్ళును విశ్రమించుచుండ చేతులు పనిచేయును. ఈ జోడింపువలన గంట పట్టు పని అరగంటలో ముగియును. దూలమున పైకి లాగికొను సాధనయందు ఎత్తబడు భారము తన దేహమే గనుక, బరువు పెరిగినవానిని అది తక్షణమే శిక్షించును. ఈ మార్గమున నడచువానికి ఇంతకంటె నిక్కమైన త్రాసు లేదు.

దినమంతయు కష్టపడువానికి వేరే వ్యాయామమెందులకని పలువురు ప్రశ్నింతురు. పత్తి తీయు స్త్రీ ఉదయమునుండి సాయంకాలమువరకు వంగి నడుమునకు ఒడి కట్టుకొని తిరుగును. మిరప కోయువారు గొంతుకూర్చుండి సాలు వెంబడి జరుగుచుందురు. ఈ పనులు ఓర్పును పెంచుననుట నిజము. కాని ఒక్కొక కదలికయందు వెచ్చించు శక్తి గరిష్ఠములో అత్యల్పభాగము. వేలమార్లు చేసినను పెద్ద చాలక ఏకాంశములకు పిలుపు రాదు. ముఠా కూలీ సంగతి కొంత మెరుగు. అయినను టిక్కీ బరువు ఇరువది ఏండ్లు గడచినను అదే, పెరుగునది టిక్కీల సంఖ్య మాత్రమే. మొదటి ఏడాది గడించిన బలము అచ్చటనే ఆగి, మిగిలిన ఏండ్లన్నియు నడుము అరుగుటకే సరిపోవును. కష్టజీవులకు బలసాధన అనవసరమను మాట కష్టమెరుగనివారి మాట. వంగి పనిచేయువారి నడుమునకు వారమునకు రెండుమార్లు తగుభారమును సక్రమముగ ఎత్తు అలవాటే రక్ష. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో వెలువరించిన సూచనలు గూడ పెద్దవారందరును వారమునకు రెండు దినములకు తగ్గకుండ కండరములను బలపరచు వ్యాయామము చేయవలెనని చెప్పుచున్నవి, పొలము పనివారిని అందుండి మినహాయింపలేదు.

పంటకాలముతో సాధన పొసగుట ఎట్లనునది ఈ ప్రాంతమున ముఖ్యసమస్య. ఏప్రిలు దాటి కల్లములు ఖాళీయైన తరువాత, తొలకరివరకు గల రెండు నెలలు తీరిక నెలలు. కాని అవి గుంటూరు సీమలో ఎండ నలుబది డిగ్రీలు దాటి నిప్పులు చెరుగు నెలలు. తెల్లవారుజామున అయిదింటికి సాధన చేసినచో ఈ చిక్కు తొలగును. బలమును పెంచుటకు ఈ రెండు నెలలును, పైరు ఎదుగు వానకాలమును వినియోగించుకొని, పత్తితీత మిరపకోత సాగు నెలలలో వారమునకు ఒక్క పూటకు తగ్గించుకొనవచ్చును. పెంచుటకంటె నిలుపుకొనుట సులభము; భారమును తగ్గింపక దఫాలను మాత్రమే తగ్గించి వారమునకొక్కమారు ఎత్తినచో గడించిన బలము మూడు నెలలవరకు దాదాపు చెక్కుచెదరదు. భారమును తగ్గించి మార్లను పెంచుట ఇందుకు విరుద్ధమగు పని; తీరికలేనివారు సాధారణముగ చేయునది అదియే.

ఆహారవిషయమున చెప్పవలసినది కొంచెమే. అరగంట బరువులెత్తుటయందు 60 కిలోల మనిషికి వ్యయమగు శక్తి 100 నుండి 150 కిలోకాలరీలు; అది ఒక గరిటెడన్నమునకు సరి. వ్యాయామము చేయుచున్నామను ధీమాతో మరియొక మారు వడ్డించుకొన్నవాడు తప్పక బరువెక్కును. తినెడు మొత్తమును పెంచక, అందు మాంసకృత్తుల పాలు పెంచవలెను. భారత వైద్య పరిశోధన మండలి పెద్దవారికి దేహభారములో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని నిర్ణయించినది. బలసాధన చేయువారికి 1.2 నుండి 1.6 గ్రాములు మేలు. అనగా 60 కిలోలవానికి 72 నుండి 96 గ్రాములు. నూరు గ్రాముల కందిపప్పున సుమారు 22 గ్రాములు, వేరుసెనగ గింజలలో సుమారు 25, గ్రుడ్డొకటికి 6, పావులీటరు పాలలో సుమారు 8 గ్రాములు లభించును. వేరుసెనగలో నూనె హెచ్చు గనుక గుప్పెడుతో ఆపవలెను. మన భోజనమున అన్నము కొండయై పప్పు దానిపై ఆభరణమువలె ఉండుట వాడుక. ఆ రెంటి పాళ్ళను కొంత తారుమారు చేసినచో సరిపోవును. బరువును వారమునకొక్కమారు, ఉదయమున, ఏమియు తినకముందు చూచుకొనవలెను. ముందురాత్రి ఆవకాయ రెండుమార్లు వేసికొన్నవాడు మరునాడు కిలో పెరిగినట్లు కనబడుట ఉప్పు పట్టియుంచిన నీటివలన గాని కొవ్వువలన కాదు. పోటీలకై నీరు త్రాగుట మాని, చెమట కార్చి, బరువు తగ్గించుకొనుట వేరు విషయము, ప్రమాదకరమగు విషయము. 1997లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు ఇట్లు చేయబోయి కొద్ది వారముల వ్యవధిలో మరణించిరి.

ఈ మార్గమునకు మేర కలదు. నాడులు నేర్వదగినదంతయు నేర్చిన తరువాత కండరము పెరుగక బలము పెరుగదు. ఆ దశ కొందరికి కొన్ని నెలలలోను, నేర్పు హెచ్చుగ కావలసిన ఒలింపిక్ విధములందు పలు సంవత్సరములలోను వచ్చును. అప్పుడు గూడ దేహములో కొవ్వు తగ్గి ఆ మేరకు కండరము పెరిగినచో త్రాసు ముల్లు కదలనక్కరలేదు; మధ్యవయస్కులలో అధికసంఖ్యాకులకు ఈ వెసులుబాటు పుష్కలముగ నున్నది. ఏబది దాటిన స్త్రీలకు ఎముకలు గుల్లబారకుండుటకును ఈ సాధన తోడ్పడును. అయితే రక్తపుపోటు గలవారు వైద్యుని అడుగక భారము ముట్టరాదు. ఊపిరి బిగబట్టి అతిభారము నెత్తు క్షణమున ధమనులలోని ఒత్తిడి ఎంత పెరుగునో 1985లో మెక్‌డూగల్ బృందము ఆరోగ్యవంతుల ధమనులలోనికే కొలమానము పంపి చూచినది. కాళ్ళతో భారము తోయునపుడు సగటున 320/250 వరకు చేరినది. ఆరోగ్యవంతుడు క్షణమాత్రము దీనిని సహించును. గిలక దిగినవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, నడుము నొప్పి కాలిలోనికి ప్రాకువారు గూడ వైద్యుని అడుగక భారము ముట్టరాదు.

పంటపనుల ఒత్తిడివలన సాధన పూర్తిగ మానినచో మూడు నాలుగు వారములవరకు బలము పెద్దగ తగ్గదు. దమ్ము దానికంటె ముందు తగ్గును. రెండు మూడు నెలలు మానినవాడు వదలిన బరువుతోనే తిరిగి ఆరంభింపరాదు. నాడులు పూర్వపు నేర్పును త్వరగ జ్ఞప్తికి తెచ్చుకొన్నను, స్నాయువులును కీళ్ళును ఆ వేగమున సిద్ధపడవు. మునుపటి భారములో నాలుగింట మూడు పాళ్ళు తీసికొని నాలుగవ పాలును నెల దినములలో రెండేసి కిలోల సంచులతో చేర్చుకొనుట క్షేమకరము.